ఎదుటివాడి మాట ఎవరు రాశారు?

తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాలు తెలుగు నేల మీద అచ్చవలేదు. జర్మనీలోని హాలే పట్టణంలో 1746, 1747 సంవత్సరాల్లో అచ్చయ్యాయి. వాటి వెనక ఉన్న మనిషి బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ పాదరీ. మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. 1732 నాటికి బైబిలంతా తెలుగు చేశాడు. అది అచ్చు కాకుండానే 1743లో తన దేశం వెళ్లిపోయాడు. అక్కడ తెలుగు అక్షరాలు పోత పోయించి చిన్న చిన్న పుస్తకాలు కొన్ని వేయించాడు. అందులో ఒకదాని లాటిన్ పేరుకి అర్థం ‘తెలుగులో మతసంభాషణ’.

అంటే మన అచ్చు చరిత్ర మొదలైన ఒకటి రెండేళ్లకే అందులో ఒక సంభాషణ ఉంది. పద్యం కాదు, పురాణం కాదు, మతం గురించి మాటా మాటా.

ఈ సంభాషణ అనే రూపంలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. అడిగేవాడి మాటలు కూడా చెప్పేవాడే రాసుకోవచ్చు. సందేహి సరిగ్గా అవసరమైనంత వరకే సందేహిస్తాడు, సరైన పేజీలో ఒప్పుకుంటాడు. మా సాఫ్ట్‌వేర్ పనిలో దీన్ని వెంటనే గుర్తుపడతాం. కోడ్ రాసినవాడే టెస్ట్ కేసులు కూడా రాసుకుంటే అన్నీ పాసవుతాయి. ప్రోగ్రామ్ బాగుందని కాదు, అది ఎక్కడ విరుగుతుందో అక్కడ ఎవరూ నొక్కలేదని.

క్రైస్తవ విశ్వాసాన్ని అనుమానించేవాళ్ల ముందు ఎలా సమర్థించుకోవాలి అన్నది ఇవాళ తెలుగులో పెద్ద వ్యవహారం. యూట్యూబ్‌లో గంటల కొద్దీ డిబేట్లు. ‘ముందు పూర్తిగా విను, ఎదురు ప్రశ్న వెయ్యి, వాడు వాడిన మాటకి అర్థం వాడినే అడుగు’ అని నేర్పే తరగతులు. హేతువాదులకీ వాళ్ల తరగతులు ఉన్నాయి, హిందూ సంఘాలకీ ఉన్నాయి. ఎవరు గెలిచారన్నది కింద కామెంట్లలో తేలుతుంది, తేలదు. నాకు ఆ గెలుపు మీద ఆసక్తి తక్కువ. ఈ మూడు వందల ఏళ్లలో సందేహి మాటలు నిజంగా సందేహి నోటి నుంచే వచ్చిన సందర్భాలు ఎన్ని, అప్పుడు ఏమైంది అన్నదే నా ప్రశ్న.

*

షుల్జ్ మన దేశానికి వచ్చింది 1719లో, తమిళ తీరంలోని తరంగంబాడికి. అదే ఏడు అక్కడ చనిపోయిన బార్తలోమియస్ జీగెన్‌బాల్గ్ అంతకుముందు ఒక వింత పని చేశాడు. ఊళ్లో చదువుకున్న తమిళులకి ప్రశ్నలు రాసి పంపి, జవాబులు వాళ్ల చేత్తో రాయించుకున్నాడు. 1712-14 మధ్య వచ్చిన ఆ ఉత్తరాలు తర్వాత జర్మన్‌లో అచ్చయ్యాయి. మీరు మా మతంలోకి ఎందుకు రారు అని అడిగితే, త్రిత్వం అర్థం కాలేదని కాదు వాళ్లు రాసింది. మీవాళ్లు ఆవుమాంసం తింటారు, తాగుతారు, శుభ్రంగా కడుక్కోరు, ఎక్కడపడితే అక్కడ ఉమ్ముతారు అని రాశారు. మీ దేవుడి సంగతి తర్వాత, ముందు మీ సంగతి చెప్పండి అని.

అనువాదం పాదరీలదే కాబట్టి ఆ ఉత్తరాల మీద వాళ్ల వేలిముద్రలు ఉంటాయి. అయినా తమకి ఇబ్బంది పెట్టే జవాబుని దాచకుండా అచ్చేశారు. దానికి విరుద్ధమైన ఉదాహరణ మన మచిలీపట్నంతో ముడిపడి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో జెసూట్ పాదరీలు వేదం పేరు పెట్టి ఫ్రెంచిలో ఒక సంభాషణ గ్రంథం తయారుచేశారు. పేరు ‘ఎజూర్ వేదం’. అందులో వ్యాసుడు పురాణాల తరఫున మాట్లాడతాడు, సుమంతుడు వాటిని ఖండించి ఏకేశ్వరుణ్ణి ప్రతిపాదిస్తాడు. ఎదుటివాడి మాటే కాదు, ఎదుటివాడి వేదాన్ని కూడా వీళ్లే రాసేశారన్నమాట.

ఆ రాతప్రతి 1760లో వోల్టేర్ చేతికి చిక్కింది. ఆయన దాన్ని అలెగ్జాండర్ కంటే పాత గ్రంథమని నమ్మాడు, పారిస్‌లోని రాజు గ్రంథాలయానికి ఇచ్చాడు. ఆపైన చర్చి మీదే ఆయుధంగా వాడాడు. చూడండి, క్రైస్తవం పుట్టకముందే భారతదేశంలో ఇంత శుభ్రమైన ఏకేశ్వరవాదం ఉంది, ఇక మీ ప్రత్యేకత ఏముంది అని. హిందువులని ఒప్పించడానికి పాదరీలు అల్లిన సంభాషణ యూరప్‌లో అతిపెద్ద సందేహికి ఉపయోగపడింది. 1782లో సొన్నెరా అనే ఫ్రెంచి యాత్రికుడు, ఇది వేదమూ కాదు ఏమీ కాదు, మచిలీపట్నంలో ఒక పాదరీ రాసిన వాదగ్రంథం అని రాసేశాడు.

వేమన విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో బజారు ప్రసంగాలు చేసే పాదరీలకి వేమన బాగా పనికొచ్చాడు. విగ్రహాల మీద, శౌచం మీద, పుట్టుక గొప్పల మీద వాళ్లు అనాల్సినవి వేమన ముందే అనేశాడు, అదీ జనం నాలుక మీద ఉన్న తెలుగులో. ఎదుటివాడి ఇంటి మాటతో మొదలుపెట్టడం మంచి ఎత్తుగడే. కానీ వేమన సగం దూరం వచ్చి ఆగే మనిషి కాదు. గుడిలో పూజారిని అడిగిన ప్రశ్నే చర్చిలో పాదరీనీ అడుగుతాడు. అరువు తెచ్చుకున్న సందేహాన్ని మనకి కావలసిన చోట ఆపడం కుదరదు.

*

మచిలీపట్నంలోనే 1843లో రాబర్ట్ నోబుల్ బడి పెట్టాడు. ఆయన లెక్క స్పష్టం. పై కులాల పిల్లలకి ఇంగ్లీషు చదువు చెబుదాం, తర్కంతో ఒప్పిద్దాం, పైనుంచి కిందికి విశ్వాసం దానంతటదే దిగుతుంది. తొమ్మిదేళ్లకి, 1852లో, ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. బడి దాదాపు ఖాళీ అయింది. తొమ్మిదేళ్లూ క్లాసులో నడిచింది సువార్తల గురించిన చర్చ. బడి ఖాళీ అయిన రోజు ఊరు అడిగింది వేరే ప్రశ్న: రేపటి నుంచి వీళ్లు ఎవరింట్లో తింటారు, వీళ్లకి పిల్లనెవరిస్తారు?

అంతకు ముందే, 1833లో, ఉత్తరాంధ్రకి చెందిన పురుషోత్తమ చౌధరి అనే బ్రాహ్మణుడు క్రైస్తవుడయ్యాడు. తెలుగు క్రైస్తవులు ఇప్పటికీ పాడుకునే కీర్తనలు ఎన్నో ఆయనవే. ఆయన రాసిన వచన గ్రంథాల్లో ఒకదాని పేరు ‘కులాచార పరీక్ష’. పరీక్ష పెట్టవలసింది దేవుడి అస్తిత్వానికి కాదు, కులాచారానికి అని లోపలినుంచి వచ్చిన మనిషికి తెలుసు. తెలుగు దేశంలో క్రైస్తవాన్ని అడ్డుకున్న సందేహం ఎప్పుడూ ‘దేవుడున్నాడా’ అన్నది కాదు. ఇక్కడ దేవుళ్లకి కొరత ఎప్పుడుంది? ‘నీ దేవుణ్ణి ఒప్పుకుంటే నా పక్కన కూర్చునేది ఎవరు’ అన్నదే అసలు ప్రశ్న.

ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు పాదరీకి ఈ ప్రశ్న మొహం మీదే ఎదురైంది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య తోళ్ల బేరం మీద ఉత్తరానికి పోయినప్పుడు ఏలూరు వైపు ఈ కొత్త మాట విన్నాడు. అంతకుముందే ఆయన గురువుల దగ్గర కూర్చుని యోగమార్గం నేర్చుకున్నవాడు, తనకే శిష్యులు ఉన్నవాడు. తనలాంటివాళ్లని వెంటేసుకుని వచ్చాడు. ఊళ్లో పెద్ద కులాలవాళ్లకి ఇది నచ్చలేదు. వీళ్లని చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలని మీ బడికి పంపము అన్నారు. క్లౌ వీళ్లనే చేర్చుకున్నాడు. బడి ఖాళీ అయింది. మచిలీపట్నంలో జరిగిందే ఇక్కడా జరిగింది, కానీ ఈసారి ఆ ఖాళీ బడి ఒక జవాబు.

పేరయ్య మాట్లాడే పద్ధతి నోబుల్ తరగతి లాంటిది కాదు. సాయంత్రం పని నుంచి వచ్చినవాళ్లు కూర్చున్న చోట తనూ కూర్చోవడం, నేను ఫలానా గురువు దగ్గర ఫలానాది వెతికాను, అక్కడ దొరకంది ఇక్కడ దొరికింది అని చెప్పడం. గురువు శిష్యుడికి చెప్పే పాత పద్ధతిలోనే కొత్త సంగతి. దాన్ని ఖండించడం కష్టం. వాదానికి ప్రతివాదం ఉంటుంది కానీ ఒక మనిషి తిరిగిన దారికి ప్రతివాదం ఏం చెబుతాం? వింటాం, లేదా లేచి పోతాం.

చేరినవాళ్లకి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. పైకి చూస్తే చిన్నవి. కానీ మాదిగ ఊరికి చేసే వెట్టి, ఊరి జాతరలో కొట్టే డప్పు, చచ్చిన పశువు మీద ఉన్న హక్కూ బాధ్యతా అన్నీ వీటితో కదిలాయి. డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? ఆ తగాదాల్లో మాదిగల నోటి నుంచి వచ్చిన జవాబులే నిజమైన విశ్వాస సమర్థన అనుకుంటాను. అవి చాలావరకు ఎవరూ రాసుకోలేదు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ముసలి బోధకుల దగ్గర కూర్చుని విన్నది 1899లో ఒక పుస్తకంగా తెచ్చింది. పేరుకి తెలుగు చేస్తే ‘చెప్పులు కుడుతూ కుడుతూ’. అదీ ఆమె కలం నుంచే, ఇంగ్లీషులోనే.

ఇక అన్నం కోసం మతం మారారు అనే మాట. అది ఇవాళ్టిది కాదు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. రాత్రిళ్లు బోధకులు కూలీల మధ్యే ఉండేవాళ్లు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగారు. కరువున్నంత కాలం, సుమారు పదిహేను నెలలు, ఒక్కరికి కూడా ఇవ్వలేదు. సాయం పంచడం ఆగాకే ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి. సందేహి నోరు విప్పకముందే ఆ సందేహాన్ని తనే పూర్తి బలంతో వేసుకుని, తన పనిని దానికి లోబడేలా మార్చుకోవడం అది. నాకు తెలిసిన సమర్థనల్లో అన్నిటికంటే నిజాయితీ ఉన్నది ఇదే. అయినా ఆ మాట ఆగలేదు. ఇప్పటికీ ఆగలేదు.

*

ఈ కథలన్నీ కోస్తావి. మాది బాల్కొండ. హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూరు దాటాక వస్తుంది. పసుపు, ఎర్రజొన్న, దుబాయి కథలు. క్రైస్తవం మా వైపు ఈ రోడ్డు వెంటే పైకి వచ్చింది, వెస్లియన్ మెథడిస్టుల చేతుల మీదుగా. రోడ్డుకి ఓ పక్కన మెదక్, 1924 క్రిస్మస్ రోజున తెరిచిన పెద్ద చర్చి. ఇంకా పైకి వస్తే నిజామాబాదుకి ముందు డిచ్‌పల్లి. అక్కడ 1915లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠురోగుల ఆస్పత్రి మొదలుపెట్టారు.

కుష్ఠురోగి అడిగే ప్రశ్న తార్కికుడి ప్రశ్న కాదు. ‘నేనేం పాపం చేసిన’ అని. పూర్వజన్మ కర్మ అని ఊరు చెప్పేసింది, ఊరవతల పెట్టింది. దానికి డిచ్‌పల్లిలో దొరికిన జవాబు నూనె ఇంజెక్షన్లు, గాయాలు కట్టే చేతులు. ఆ ఆస్పత్రికి పెద్ద మొత్తంలో డబ్బిచ్చినవాడు నిజామాబాదుకి చెందిన నర్సాగౌడ్. హిందువు, హిందువుగానే ఉండి ఇచ్చాడు. ఆయన్ని మార్చకుండానే ఆ ఆస్పత్రి నడిచింది. దీన్ని విశ్వాసానికి గెలుపనాలా ఓటమనాలా? నాకైతే ఇద్దరు మనుషులు ఒకరి మాట ఒకరు దిద్దకుండా మాట్లాడుకున్నట్టు అనిపిస్తుంది.

అదే రోడ్డు మీద మెదక్ జిల్లా వాడియారం ప్రాంతంలో పి.వై. లూక్, జాన్ కార్మన్ అనే ఇద్దరు పల్లె క్రైస్తవుల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1968లో వచ్చింది. చర్చి తరఫు మనుషులే రాసినా, చర్చికి నచ్చే సంగతులు మాత్రమే రాయలేదు. ఏసుకి ప్రార్థన చేసేవాళ్లే ఊరమ్మ పండగలో భాగమవుతారు, కర్మ అంటారు. ఆ పుస్తకంలో పల్లె క్రైస్తవులు తమ విశ్వాసాన్ని ఎవరి ముందూ సమర్థించుకోరు. దాంతో బతుకుతారు, అంతే.

*

ఇప్పుడు ఒక పెళ్లి సంగతి. 1960లో గుర్రం జాషువా కూతురు హేమలత, గోరా కొడుకు లవణం పెళ్లి చేసుకున్నారు. జాషువా క్రైస్తవ ఇంట పుట్టిన కవి. పురాణ కథలు పద్యాలు చేశాడని చర్చివాళ్లు దూరం పెట్టారు, అంటరానివాడని పండితులు దూరం పెట్టారు. ఆ మనిషే చివరికి ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నాడు. గోరా సంగతి చెప్పనక్కర్లేదు. నాస్తికత్వం గురించి రాసినందుకు 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినవాడు. తెలుగు దేశంలో క్రీస్తు గురించి పెద్ద కావ్యం రాసిన మనిషీ, దేవుడు లేడని అందరికంటే గట్టిగా చెప్పిన మనిషీ వియ్యంకులు.

వాళ్లిద్దరి మధ్య దేవుడి గురించి వాదన ఏ స్థాయిలో నడిచిందో ఊహించుకోవడం సరదాగానే ఉంటుంది. కానీ వాళ్లు కలిసింది ఆ విషయంలో కాదు. గోరా తన పెద్దమ్మాయి మనోరమకి దళితుడైన అర్జునరావుతో 1948లో సేవాగ్రామంలో పెళ్లి చేశాడు. ఆ పెళ్లి తన చేతుల మీదుగా జరిపిస్తానని గాంధీ ముందే ఒప్పుకున్నాడు, ఆలోపే హత్యకి గురయ్యాడు. ఇప్పుడు జాషువా కూతురు ఆ ఇంటికి కోడలు. ‘నా పక్కన కూర్చునేది ఎవరు’ అని 1852లో బందరు అడిగిన ప్రశ్నకి నాస్తికుడి పంక్తిలో జవాబు దొరికింది. క్రైస్తవ వాదపండితులు ఈ సంగతి మీద ఎక్కువ మాట్లాడరు. మాట్లాడాలి. ఎందుకంటే ఇది బయటివాడు వేసిన ప్రశ్న కాదు. మాల గుడి, మాదిగ గుడి అని వేరుగా ఉన్న చోట్ల అది లోపలి ప్రశ్న.

హేమలత మా నిజామాబాదు జిల్లాకి కూడా వచ్చింది. వర్ని కేంద్రంగా జోగిని వ్యవస్థ మీద పనిచేసింది. దేవతకి ఇచ్చేశామనే పేరుతో దళిత ఆడపిల్లలని ఊరి మగవాళ్లకి వదిలేసే ఆచారం అది. 1988లో రాష్ట్రం దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆమె ఆ ఆడవాళ్ల ముందు క్రైస్తవం గురించి గానీ నాస్తికత్వం గురించి గానీ ఉపన్యాసంతో మొదలుపెట్టి ఉంటే రెండో రోజు ఎవరూ వచ్చి ఉండరు. వాళ్ల పిల్లల చదువుతో, పెళ్లిళ్లతో మాట మొదలైంది.

*

మా ఇంట్లో ఈ సంభాషణ నడిచింది మా అమ్మమ్మకీ బాపుకీ మధ్య. అమ్మమ్మ ఆదివారం గుడికి పోయేది, మా వైపు చర్చిని గుడి అనే అంటారు. బాపు కూలి సంఘంలో తిరిగిన మనిషి, ఏ గుడికీ పోడు. ఎండాకాలం పసుపు కొమ్ములు ఏరే కాడ కూర్చుంటే ఆయనకి ఇదే కాలక్షేపం.

“అత్తా, మీ దేవుడు నీళ్ల మీద నడిచిండటగద. మన బోరుల నీళ్లు రావడితె ఏమాయె?”

“నడిచిండో లేదో నేను జూసిన్నా బిడ్డా? మీ మామ వోయిననాడు గా గుడోళ్లే వచ్చి నా పొయ్యి ముట్టిచ్చిండ్రు. గది జూసిన.”

బాపు నవ్వి ఊరుకునేవాడు. తరగతుల్లో నేర్పే ఏ ఎత్తుగడ కంటే ఇది గట్టిది. ఆమె తనకి తెలియనిదాన్ని తెలుసనలేదు, తెలిసినదాన్ని వదులుకోలేదు. అద్భుతం మీద పందెం కాయలేదు, పొయ్యి మీద కాసింది. పేరయ్య కూడా ఇలాగే మాట్లాడి ఉంటాడు.

కానీ బాపు ఒకసారి ఇంకో ప్రశ్న అడిగాడు. “మరి నీ బిడ్డ బడి కాగితంల హిందూ అని ఎవలు రాయించిండ్రు?”

దానికి అమ్మమ్మ ఏమీ అనలేదు. కొమ్ములు ఏరుతూనే ఉంది. బాపు కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు, గెలిచిన మొహం కూడా పెట్టలేదు. ఆ కాగితం సంగతి ఆయనకీ తెలుసు కదా.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్లు షెడ్యూల్డు కులం కిందికి రారు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులనీ ముస్లింలనీ చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు బీసీ-సి, ఒక శాతం రిజర్వేషను. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా ఎస్సీ హోదాతోనే పోతుంది. ఊరు మాత్రం బాప్తిస్మం తర్వాత కూడా అదే వాడలో, అదే పేరుతో పిలుస్తుంది. ఈ ప్రశ్న తేల్చమని 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది.

దీని మీద రెండు వైపుల వాదనలూ నాకు తెలుసు. మతం మారితే కులం పోతుందని మీరే అన్నారు కదా, మరి ఆ హోదా ఎందుకు అంటారొకరు. కులం పోలేదని మీ ఊరే రుజువు చేస్తోంది కదా అంటారు ఇంకొకరు. రెండూ బలమైన మాటలే, నేను రెండో దానివైపు. కానీ ఈ వ్యాసానికి సంబంధించి నన్ను పట్టుకున్న సంగతి వేరు. విశ్వాసాన్ని సమర్థించుకోవాలంటే ముందు ‘నాది ఈ విశ్వాసం’ అని పైకి చెప్పగలగాలి. అలా చెప్పిన మరుక్షణం పిల్లల సీటు, ఫీజు, రేపు ఎవడైనా కొడితే పెట్టగల కేసు పోతాయంటే, ఆ మనిషితో మనం చేస్తున్నది సంభాషణ కాదు. యూట్యూబ్‌లో కోటు వేసుకుని త్రిత్వం గురించి వాదించే పండితుడికి ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు. ఆయన్ని ప్రశ్నించే హేతువాదికీ ఉండదు. ఆ ఇద్దరూ సమానంగా క్షేమంగా ఉన్నారు కాబట్టే అంత గట్టిగా అరుచుకోగలుగుతున్నారు. బాల్కొండ వాడలో ఆదివారం ప్రార్థనకి పోయే మనిషి సోమవారం తహసీల్దారు ఆఫీసులో అడిగిన ప్రశ్నకి గొంతు తగ్గించి జవాబు చెప్పాలి.

షుల్జ్ పుస్తకంలో ఇద్దరి మాటలూ ఒక్క పాదరీ రాశాడంటే మనకి నవ్వొస్తుంది. మా అమ్మ బడి కాగితం చూస్తే నవ్వు రాదు. అక్కడ ‘మతం’ అని ప్రశ్న ముందే అచ్చయి ఉంది. పక్కన రాయవలసిన జవాబు ఏమిటో కూడా 1950లోనే తేలిపోయింది. మధ్యలో అమ్మమ్మ చేసింది తలూపడం ఒక్కటే.